కిడ్నీ జబ్బున్న పిల్లల్ని ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చెప్పండి

సోంపేట అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకి ఆరో ఏడు నడుస్తోంది. మొదట పొద్దున్న లేచేసరికి కళ్ల కింద ఉబ్బు కనిపించేది. తర్వాత పొట్ట, కాళ్లు కూడా వాచాయి. విశాఖలో చూపిస్తే నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీలోంచి ప్రోటీన్ మూత్రంలోకి పోయే జబ్బు) అన్నారు. స్టెరాయిడ్ మాత్రలతో వాపు దిగిపోయింది, ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు. మొన్న వెళ్లినప్పుడు డాక్టర్ గారు "ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదమ్మా, మధ్యలో వీడియో కాల్‌లో చూస్తాను, మూత్రం ఇంట్లోనే పరీక్ష చేసి రాసి పెట్టు" అన్నారు.

నేను జీడిపిక్కల పనికి వెళ్తాను. విశాఖ వెళ్లొస్తే ఆ రోజు కూలి పోయినట్టే, పిల్లాడికి బడీ పోతుంది. అందుకని నాకు ఆ మాట హాయిగానే అనిపించింది. మా అత్తమ్మ మాత్రం "పిల్లాడి ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా వైద్యం ఏటే" అని ఒకటే గోల. పిల్లల్ని ఇలా చూపిస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో ఏమేం ఉంచుకోవాలి? ఏ సంగతి ఫోన్‌లో తేలదు?

నాగావళి నాన్న (ఆమదాలవలస)

చెల్లెమ్మా, కంగారు పడకండి. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు వచ్చింది ఇదే జబ్బు, ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోంది. మధ్యలో చాలాసార్లు తిరగబెట్టింది. ఎక్కువసార్లు ఫోన్ మీదే నెట్టుకొచ్చాం. అయితే ఫోన్ కంటే ముందు ఒక గట్టి అట్ట నోటుపుస్తకం కొనండి.

అందులో రోజుకో వరుస రాయాలి. తేదీ, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) ఎంత వచ్చింది, బరువు, ఆ రోజు వేసిన మాత్ర, జలుబో జ్వరమో ఉంటే అది. పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రమే చూడాలి. వరసగా మూడు రోజులు మూడు ప్లస్‌గానీ అంతకు మించిగానీ వస్తే తిరగబెట్టినట్టు. వరసగా మూడు రోజులు నిల్ (ఏమీ లేదు) లేదా ట్రేస్ (లేశమంత) వస్తే తగ్గినట్టు. డాక్టర్ గారు కాల్ ఎత్తగానే అడిగేది ఇదే. మనం "బానే ఉన్నాడండీ" అని ఊరుకుంటే ఆయన మాత్ర తగ్గించనూ లేరు, పెంచనూ లేరు.

పరీక్షకి స్ట్రిప్‌లు ఉంటాయి. ముంచి తీసి, అంచుకి ఉన్న తడి దులిపి, సీసా మీద రాసినంతసేపు ఆగి రంగు చూడాలి. పసుపుగా ఉంటే నిల్, ఆకుపచ్చకి తిరిగేకొద్దీ ఎక్కువ ఉన్నట్టు. మన సముద్రపు గాలికి స్ట్రిప్‌లు తొందరగా పాడవుతాయి. ఒకటి తీసిన వెంటనే మూత బిగించేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు.

రోజూ స్ట్రిప్ అంటే ఖర్చు. మేం చాలాకాలం సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ చుక్కలతో చూశాం. మందుల షాపులో అడిగితే తెప్పిస్తారు. గాజు ట్యూబులో కొంచెం మూత్రం పోసి, డాక్టర్ చెప్పినన్ని చుక్కలు వేసి, వెనకాల పేపరు పట్టి చూడటమే. ఏమీ మారకపోతే నిల్. మసకేసినా వెనక అక్షరాలు చదవగలిగితే ఒకటి ప్లస్. అక్షరాలు చదవలేకపోతే రెండు. తెల్లగా రేకులు కడితే మూడు. విరిగిన పాలలా గడ్డ కడితే నాలుగు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా ఈ పరీక్ష ఇంట్లో అందరికంటే ఆవిడే బాగా చేసేది. యాసిడ్ సీసా మాత్రం పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.

ఇంకో మాట. స్ట్రిప్ ఫోటో ఒక్కటే పంపితే లాభం లేదు. పసుపు బల్బు కింద ఒక రంగు, ట్యూబ్‌లైట్ కింద ఇంకో రంగు పడుతుంది. పగలు గుమ్మం దగ్గర నిలబడి, సీసా మీది రంగుల పట్టీ పక్కనే పెట్టి తీయండి. మీ కంటికి ఎంత కనిపించిందో అదీ రాయండి.

ఉద్దానం కుర్రోడు (కవిటి)

అక్కా, మీది సోంపేట అంటున్నారు. ముందు ఇంట్లో తాగే నీళ్లు మార్చండి. మా ఏరియాలో కిడ్నీ అంటే నీళ్లే కారణం అని అందరికీ తెలుసు. ఫోన్ వైద్యం ఏం చేస్తుంది?

పిల్లల డాక్టర్ (విజయనగరం)

తమ్ముడూ, అందరికీ తెలుసనుకుంటున్న ఆ సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. ఉద్దానంలో చూస్తున్న దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్లకి, అందులోనూ పొలం పనులు చేసేవాళ్లకి వస్తోంది. దాంట్లో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, చడీచప్పుడు లేకుండా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరుగుతుంది. ఈ బాబుది అందుకు పూర్తిగా భిన్నం. ప్రోటీన్ విపరీతంగా పోయి ఒళ్లు వాచే జబ్బు, ఇది ఏ ఊళ్లో పిల్లలకైనా వస్తుంది. హిరమండలం రిజర్వాయరు నీళ్లు ఉద్దానానికి రావడం మంచిదే. కానీ ఈ తల్లికి "నువ్వు పట్టిన నీళ్ల వల్లే" అన్న దిగులు అంటించకండి.

అమ్మా, మీ ప్రశ్నకి వస్తాను. నేను పిల్లల డాక్టర్ని, కిడ్నీ స్పెషలిస్టుని కాదు. నెఫ్రోటిక్ పిల్లల్లో పదిమందికి ఎనిమిది తొమ్మిది మంది స్టెరాయిడ్‌కి లొంగుతారు. అయితే వాళ్లలో సగం మందికి పైగా మళ్లీ తిరగబెడుతుంది, ఎక్కువగా జలుబో జ్వరమో వచ్చినప్పుడు. మొదటిసారి మాత్రలు ఆరు వారాలు రోజూ, తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు. తిరగబెట్టినప్పుడు మూత్రం నిల్ అయ్యేదాకా రోజూ వేసి, ఆ తర్వాత నాలుగు వారాలు రోజు విడిచి రోజు. డోసు బరువును బట్టి మీ డాక్టరే చెప్పాలి. ఇంట్లో కొలవగలిగే అంకె ఒకటుంది, దాన్ని బట్టే మందు మారుతుంది. అందుకే పిల్లల కిడ్నీ జబ్బుల్లో ఫోన్‌కి బాగా కుదిరేది ఇదే అంటాను. మిగతా వాటికి అంత కుదరదు.

రూల్స్ సంగతి కూడా చెప్తాను. కేంద్రం 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చింది. పిల్లాడి వయసు 16 ఏళ్లు, అంతకు లోపు అయితే పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి. నేరుగా చూపించాక ఆరు నెలల్లోపు అదే జబ్బు గురించి మాట్లాడితే ఫాలోఅప్ కింద లెక్క. వీడియోనే ఉండాలని లేదు, మామూలు కాల్ అయినా మెసేజ్ అయినా సరే. ఫోన్‌లో తేలదనిపిస్తే డాక్టరు ఎప్పుడైనా రమ్మనవచ్చు. అలా రమ్మన్నప్పుడు "ఫోన్‌లోనే చెప్పండి సార్" అని బతిమాలకండి.

కాల్ కోసం చూడకుండా దగ్గరి పెద్దాసుపత్రికి బయల్దేరాల్సినవి ఇవి. జ్వరంతో పాటు కడుపునొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు, పొట్టలోని నీరు ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. ఆయాసం, ఫిట్స్, తలనొప్పితో వాంతులు, అర రోజు గడిచినా మూత్రం రాకపోవడం, ఒక్క కాలే వాచి నొప్పి పుట్టడం కూడా అంతే. వాంతులై స్టెరాయిడ్ మాత్ర కడుపులో నిలవకపోయినా వెళ్లాలి, ఎందుకంటే ఆ మాత్ర హఠాత్తుగా ఆగకూడదు. ఇంట్లోగానీ బళ్లోగానీ ఎవరికైనా ఆటలమ్మ పోస్తే బాబుకి రాకముందే, అదే రోజు డాక్టరుకి చెప్పండి.

మీ అత్తమ్మ గారి మాటా కొట్టిపారేయలేం. పొట్ట నొక్కితే నొప్పి ఉందో లేదో వీడియోలో తేలదు. వాపు మాత్రం చూపించొచ్చు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి వదిలితే గుంట పడుతుందా లేదా కెమెరాకి కనిపిస్తుంది.

బొబ్బిలి బాబాయ్

అంతా బాగుందంటున్నారు, మా గోడూ వినండి. మా మనవడికి పుట్టుకతోనే మూత్రం దారిలో కవాటాలు అడ్డం ఉన్నాయి. నెలల పిల్లాడప్పుడే ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు ఏడాది ప్యాకేజీ అని డబ్బు కట్టించుకుని వీడియోలో చూశారు. ప్రతిసారీ ఒక కొత్త కుర్ర డాక్టరు. పాత కాగితాలు చూడరు, "ప్రాబ్లం ఏంటి చెప్పండి" అని మొదటి నుంచి అడుగుతారు. మనం చెప్పడం అయ్యేసరికి టైం అయిపోతుంది. క్రియాటినిన్ 0.9 వచ్చింది, "నార్మలే" అని పెట్టేశారు. తర్వాత ఇంకో డాక్టరుకి నేరుగా చూపిస్తే ఆయన పిల్లాణ్ణి గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి, ఇది నార్మల్ కాదన్నాడు. అదే మనిషి ముందు కూర్చుని ఉంటే ఇలా జరిగేదా?

పిల్లల డాక్టర్ (విజయనగరం)

బాబాయ్ గారూ, ఈ సంగతి ఇక్కడ చదివే ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాలి. ల్యాబు కాగితం మీద చాలాచోట్ల పెద్దవాళ్ల రేంజే అచ్చవుతుంది. పిల్లల కిడ్నీ ఎంత పనిచేస్తోందో తెలియాలంటే ఎత్తు కావాలి. సెంటీమీటర్లలో ఎత్తుని 0.413తో హెచ్చించి, క్రియాటినిన్‌తో భాగించాలి. ఎత్తు 110, క్రియాటినిన్ 0.9 అయితే దాదాపు 50 వస్తుంది. ఉండాల్సింది 90కి పైన. పెద్ద మనిషికి సుబ్బరంగా ఉన్న 0.9, ఆ ఎత్తు పిల్లాడి విషయంలో కిడ్నీ సగమే పనిచేస్తోందని చెప్తుంది.

ఇలాంటి పొరపాటు ఆసుపత్రిలో కుర్చీ వేసుకుని కూర్చున్నా జరుగుతుంది, ఎత్తు అడగకపోతే. ఫోన్ వల్ల వచ్చిన అసలు చిక్కు మీరే చెప్పారు, ప్రతిసారీ కొత్త డాక్టరు. దీర్ఘకాలం నడిచే జబ్బుకి పిల్లాణ్ణి ఎరిగిన డాక్టరు ఒకరుండాలి. ప్యాకేజీ కట్టేముందు "ప్రతి కాల్‌లోనూ ఆ డాక్టరే ఉంటారా?" అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఆ డబ్బు బస్సు ఛార్జీలకి దాచుకోండి.

కవాటాల కేసుల్లో వీడియో ఉపయోగపడిన చోటు కూడా ఒకటుంది. మూత్రం ధార ఎలా పడుతోందో, ఆగి ఆగి వస్తోందో, ముక్కుతున్నాడో ఇంటి దగ్గర తీసిన చిన్న వీడియోలో తెలిసినంతగా ఆసుపత్రిలో తెలియదు. కొత్త చోట పిల్లాడు బిగుసుకుపోతాడు కదా.

నిర్వాహకులు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పిల్లల అలాంటి వీడియోలు, పేరూ ఫోన్ నంబరూ కనిపించే రిపోర్టులు ఇక్కడ పెట్టొద్దు. వాట్సాప్ గ్రూపుల్లోనూ వద్దు. డాక్టరుకి నేరుగా పంపండి, చూశాక ఫోన్లోంచి తీసేయండి. నిన్న ఒకరు పెట్టిన చీటీ తొలగించాం.

ఊరి క్లినిక్ సీహెచ్‌ఓ (పాతపట్నం వైపు)

నేను ఊరి క్లినిక్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ని (సీహెచ్‌ఓ). ప్రభుత్వం నడిపే ఫోన్ వైద్యం ఈ-సంజీవని గురించి ఎవరూ ఎత్తలేదేం? 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల మీదుగా దాన్ని మొదలుపెట్టిన మొదటి రాష్ట్రం మనదే. ఊరి క్లినిక్‌లో మేం ట్యాబ్ ముందు కూర్చోబెడతాం, అటువైపు హబ్‌లో (డాక్టర్లుండే కేంద్రంలో) ఉన్న డాక్టరు మాట్లాడి మందుల చీటీ ఇస్తారు. ఇంటి దగ్గర్నుంచి నేరుగా ఫోన్‌లో మాట్లాడే పద్ధతీ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు.

నిజం చెప్పాలంటే పిల్లల కిడ్నీ స్పెషలిస్టు మాకు అటువైపు దొరకడం కష్టం. జనరల్ డాక్టరో పిల్లల డాక్టరో దొరుకుతారు. కాబట్టి స్టెరాయిడ్ డోసు నిర్ణయం మీ విశాఖ డాక్టరుకే వదిలి, మధ్యలో వచ్చే జలుబు, జ్వరం లాంటివి మా దగ్గర చూపించండి. మేం ఎక్కువగా పనికొచ్చేది కొలతల్లో. ఇంటి కాటా ఒకటి, షాపు కాటా ఒకటి అయితే బరువు లెక్క తప్పుతుంది, ఎప్పుడూ ఒకే కాటా మీద తూచాలి. మా దగ్గర తూచి, ఎత్తు గోడ మీద కొలిచి, మీ పుస్తకంలో రాసిస్తాం.

బీపీ విషయంలో ఒక హెచ్చరిక. పెద్దవాళ్ల పట్టీ పిల్లల చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఎక్కువ ఉన్న పిల్లాడికి కూడా "బానే ఉంది" అని వస్తుంది. మరీ చిన్న పట్టీ అయితే ఎక్కువ చూపిస్తుంది. పిల్లల పట్టీ ప్రతి క్లినిక్‌లో ఉండదు. మేం పై నుంచి అడిగి అడిగి తెప్పించుకున్నాం. మీ ఊళ్లో లేకపోతే పీహెచ్‌సీలో అడగండి, అడిగేవాళ్లుంటేనే వస్తుంది.

బొబ్బిలి బాబాయ్

సిగ్నల్ సంగతో? మా చుట్టాలు సీతంపేట ఏజెన్సీలో ఉన్నారు. వీడియో తిరుగుతూనే ఉంటుంది, మనిషి కనపడడు.

ఊరి క్లినిక్ సీహెచ్‌ఓ (పాతపట్నం వైపు)

నిజమే బాబాయ్. కొండ మీది ఊళ్లకి మేమే ఫోన్‌లో మాట మీద నడిపిస్తాం. పుస్తకంలో పేజీ ఫోటో తీసి ఉంచితే సిగ్నల్ తగిలినప్పుడు అదే వెళ్తుంది. డాక్టరు అది చూసి మెసేజ్‌లో చెప్తారు.

ల్యాబ్ తమ్ముడు (రాజాం)

టాక్రోలిమస్ వాడే పిల్లల గురించి ఒక ముక్క. స్టెరాయిడ్‌కి లొంగని కేసులకీ, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకీ ఈ మందు ఇస్తారు. రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్షకి శాంపిల్ ఇక్కడ తీసి పెద్ద ల్యాబుకి పంపుతాం, రిపోర్టు ఫోన్‌లో డాక్టరుకి వెళ్తుంది. విశాఖ దాకా వెళ్లక్కర్లేదు. కానీ పొద్దున్న డోసు వేయకముందే రక్తం ఇవ్వాలి. చాలామంది పిల్లాడికి మాత్ర వేసేసి తీసుకొస్తారు. అప్పుడు అంకె ఎక్కువ వస్తుంది, డాక్టరు దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే పిల్లాడికి నష్టం. మాత్ర జేబులో పెట్టుకుని రండి, రక్తం తీశాక మా బల్ల దగ్గరే వేసేయండి. రాత్రి ఎన్నింటికి వేశారో కూడా చెప్పండి, చీటీ మీద రాస్తాం.

ఇచ్ఛాపురం అక్క

మా పాపకి ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేస్తున్నాం. సంచిలో ద్రవం గొట్టం ద్వారా పొట్టలోకి ఎక్కించి, కొన్ని గంటలుంచి, బయటికి తీయడం. రోజుకి కొన్నిసార్లు. చేతులు కడగడం, మాస్కు, ఫ్యాన్ ఆపడం, తలుపు వేయడం ఇవన్నీ నర్సమ్మ విశాఖలో నేర్పించి పంపింది. ఇంటికొచ్చాక మొదట్లో సంచి మార్చిన ప్రతిసారీ ఆవిడ వీడియోలో చూస్తూ ఉండేది. "గొట్టం చివర దేనికో తగిలింది, ఆగండి" అని అక్కడ్నుంచే అరిచిన రోజులున్నాయి. ఫోన్ వైద్యం అంటే నాకు గుర్తొచ్చేది డాక్టరు కంటే ఆ నర్సమ్మే.

బయటికొచ్చిన ద్రవం సంచి కింద అక్షరాలున్న కాగితం పెట్టి చూస్తాం. చదవగలిగితే సరే. మబ్బుగా ఉంటే లోపల ఇన్ఫెక్షన్ మొదలైనట్టు, ఆ సంచి పారేయకుండా పట్టుకుని బయల్దేరాలి. ఫోటో పంపి జవాబు కోసం కూర్చోకూడదు.

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీకందరికీ గుర్తుండే ఉంటుంది, 2018 అక్టోబరు. కరెంటు లేదు, టవర్లు లేవు. అప్పటికి మా పాపకి జబ్బు లేదు గానీ, ఇప్పుడు ప్రతి అక్టోబరు ముందూ ఆ రోజులు తలుచుకునే సర్దుకుంటాను. సంచులు అదనంగా తెప్పిస్తాను. ఫోన్ దొరక్కపోతే ఏం చెయ్యాలో డాక్టరు చేతే కాగితం మీద రాయించుకుని తలుపు వెనక అంటించాను. మిషన్ వద్దని చేత్తో చేసే పద్ధతి తీసుకున్నదీ అందుకే, కరెంటుతో పని లేదు. మాత్రలు వాడే పిల్లల తల్లులు కూడా తుఫాను నెలల్లో మందు కొంచెం ముందుగా తెచ్చిపెట్టుకోవాలి.

ఉద్దానం కుర్రోడు (కవిటి)

డాక్టర్ గారూ, నీళ్ల సంగతి ఒప్పుకున్నాను. మరి కొబ్బరినీళ్లు? మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా బోండం కొట్టి ఇచ్చేస్తారు. పలాసలో అంత పెద్ద ఆసుపత్రి కూడా కట్టారు కదా, విశాఖ దాకా ఎందుకు?

పిల్లల డాక్టర్ (విజయనగరం)

మంచి ప్రశ్న. కిడ్నీ బాగా పనిచేస్తున్న నెఫ్రోటిక్ పిల్లాడికి బోండం వల్ల ప్రమాదం లేదు. వాపున్న రోజుల్లో మాత్రం ద్రవాలన్నీ డాక్టరు చెప్పిన కొలతలోనే. ఆ పిల్లలకి అసలు శత్రువు ఉప్పు: ఆవకాయ, అప్పడం, ఎండుచేప. కానీ బాబాయ్ గారి మనవడిలా కిడ్నీ పని తగ్గినవాళ్లకి కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది గుండెని ఆపగలదు. అరటిపండూ అంతే. డాక్టరు పొటాషియం రిపోర్టు చూసి సరేనన్నాకే. తోట మధ్య ఇల్లున్నవాళ్లకి ఇది చెప్పడం కష్టమని నాకూ తెలుసు.

పలాస ఆసుపత్రి 200 పడకలది, 2023 డిసెంబరులో ప్రారంభమైంది. రక్త పరీక్షలకి, అత్యవసరానికి దగ్గర. పిల్లలకి కిడ్నీ స్పెషలిస్టు ఉంటారో లేదో, ఉంటే ఏ రోజో ముందే కనుక్కుని వెళ్లండి.

సోంపేట అమ్మ

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ మా అత్తమ్మకి చదివి వినిపించాను. గాజు ట్యూబు పరీక్ష తనే చేస్తానంటోంది. ఒంటి మీద చెయ్యి వెయ్యని వైద్యం అని ఇప్పటికీ అంటూనే ఉంది, అది వేరే సంగతి. ఇంకొక్క అనుమానం. ఆశా అక్క పోలియో చుక్కలకి రమ్మంటే ఏం చెప్పాలి?

పిల్లల డాక్టర్ (విజయనగరం)

డాక్టర్ని అడిగాకే వేయిస్తాం అని చెప్పండి. రోజూ స్టెరాయిడ్ ఎక్కువ డోసులో ఉన్నప్పుడు చుక్కలు, మీజిల్స్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) ఆపుతాం. న్యుమోనియా టీకా మాత్రం ఈ పిల్లలకి తప్పకుండా కావాలి. తర్వాతి కాల్‌లో టీకాల కార్డు కూడా చూపించండి.

నాగావళి నాన్న (ఆమదాలవలస)

చెల్లెమ్మా, అత్తమ్మ గారు ఎంత బాగా చేసినా స్ట్రిప్‌లు కూడా కొన్ని ఇంట్లో ఉంచండి, ప్రయాణాల్లో గాజు ట్యూబు పట్టుకు తిరగలేం. సీసా మూత తీసిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. తీశాక ఎన్నాళ్లు వాడొచ్చో లోపలి కాగితంలో ఉంటుంది.